పశువు ఇంటిదారి ఎట్లా నేర్చింది?



పొద్దు గూకే వేళ మంద ఊళ్లోకి వచ్చేటప్పుడు ఒక్కసారి నిలబడి చూడండి. నాలుగు బజార్లు కలిసే చోటికి రాగానే మంద దానంతట అదే చీలిపోతుంది. కాసే పిల్లవాడు అదిలించనక్కర లేదు. ఈ బర్రె ఈ సందులోకి, ఆ ఆవు ఆ వాకిట్లోకి. కొట్టంలో అరడజను గుంజలున్నా తన గుంజ దగ్గరికే పోయి నిలబడుతుంది. పలుపు వేసేదాకా మెడ వంచి వుంటుంది. మేకలు అరుగు ఎక్కుతాయి. కోళ్లు గూటి ముందు కొంతసేపు కొట్లాడుకుని, ఒకదాని వెనుక ఒకటి లోపలికి దూరుతాయి. దీపం పెట్టే వేళకు ఇల్లంతా సద్దుమణుగుతుంది. గడియారాలు లేని రోజుల్లో ఇదే మనకు గడియారం. దీనికి గోధూళివేళ అని పేరుపెట్టి, ఆ వేళకు పెళ్లి ముహూర్తాలు కూడా పెట్టుకున్నాం.

ఇది పశువుకు పుట్టుకతో వచ్చిన బుద్ధి అని మనం అనుకుంటూ వుంటాం. కాదు. అడవిలో తిరిగే పశువుకు గుంజ తెలియదు, గడప తెలియదు. మేత ఎటు వుంటే అటు పోతుంది, ఏ రాత్రికి ఆ రాత్రి అనువైన తావు చూసుకుని మంద మధ్య పడుకుంటుంది. రోజూ ఒకే చోటికి రావడం, ఒకే మనిషి పిలుపుకు తల తిప్పడం, ఇవి ఎవరో నేర్పగా వచ్చినవి. ప్రతి దూడా, ప్రతి పిల్లా మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసినవి. ఎవరు నేర్పారు, ఎన్నాళ్ల క్రితం నేర్పారు అనేదానికి సాక్ష్యం వెతుక్కుంటూ దూరదేశం పోవలసిన పని లేదు. మన కృష్ణ ఒడ్డునే వున్నది.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణకు ఉత్తరాన, ఊట్నూరు అనే పల్లె వున్నది. ఆదిలాబాదు వైపు వున్న ఉట్నూరు వేరు, ఇది వేరు. ఆ పల్లె దగ్గర ఒక బూడిద దిబ్బ వుండేది. ఇటువంటి దిబ్బలు బళ్లారి, రాయచూరు, అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా వున్నాయి. వీటిమీద మన పెద్దలు ఎన్నో కథలు అల్లారు. రాక్షసులను దహనం చేసిన చోటని కొందరు, హంపీ దగ్గర నింబాపురంలోనైతే వాలిని దహనం చేసిన బూడిదేనని కొందరు. దొరలు కూడా తక్కువేమీ తినలేదు. అగ్నిపర్వతం బూడిద అని ఒకరంటే, లోహం కరిగించిన కొలిమి చిట్టెం అని మరొకరన్నారు. ఇది పశువుల పేడ కాలిన బూడిద అని గట్టిగా చెప్పినవాడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. ఆయన మాట నిలబడటానికి చాలా ఏండ్లు పట్టింది.

1957లో ఆల్చిన్ అనే ఆంగ్లేయ పురాతత్వవేత్త ఊట్నూరు దిబ్బను తవ్వించాడు. ఆయనకు దొరికినవి బంగారమూ కాదు, శాసనమూ కాదు. చెట్టు మొద్దులు వరుసగా పాతి కట్టిన ఒక దడి ఆనవాళ్లు. దడి లోపల పేరుకున్న పేడ, అది కాలి పడిన బూడిద. మళ్లీ దానిమీద కట్టిన దడి, మళ్లీ పేడ, మళ్లీ బూడిద. ఇట్లా ఒకదానిమీద ఒకటి. అన్నిటికంటె విలువైనది ఇంకొకటి వున్నది. ఆ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అట్లాగే నిలిచి వున్నాయి. నాలుగు వేల ఏండ్లకు పైబడిన గిట్టల గుర్తులు! నిన్న సాయంత్రం మీ కొట్టం ముందు పడిన గుర్తులకూ వాటికీ పెద్ద తేడా వుండదు. ఆనాటి దక్కన్ పశువులు మన పశువుల మాదిరే మూపురం వున్నవి.

ఆ జనం రాతిగొడ్డళ్లతో బ్రతికినవాళ్లు. ఇనుము తెలియదు. అయినా ఇన్ని గొడ్లను ప్రతి రాత్రీ ఒక్క దడిలోకి చేర్చగలిగారు. బలంతో అయ్యే పని కాదిది. మూపురం ఎద్దు నిజంగా పోదలచుకుంటే మొద్దుల దడి దాన్ని ఎన్నాళ్లు ఆపుతుంది? పగలు మేతకు విడిచినప్పుడు దడి లేదు గదా, అప్పుడు ఎవరు ఆపారు? నా మట్టుకు నాకు తోచేది ఇది: వాళ్లకు దడి ఎంత అవసరమో, దడి లేకపోయినా తిరిగి వచ్చే పశువు అంతకంటె ఎక్కువ అవసరం. లేగను లోపల వుంచి తల్లిని మేతకు విడవడం, మాపటికి అది పొదుగు బరువుతో, లేగ అరుపుకు తానే రావడం, ఈ ఉపాయం ఈనాటికీ మన ఇళ్లల్లో నడుస్తున్నది. పశువును కట్టి వుంచే తాళ్లలో ఇంతకంటె గట్టి తాడు లేదు.

ఆ పేడను ఎందుకు తగలబెట్టారనేదానిమీద పండితులకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. ఆల్చిన్ దాన్ని మన హోళి, సంక్రాంతి భోగిమంటల వంటి పండుగలతో పోల్చి చూశాడు. ఊట్నూరు వంటివి కాపరులు కొన్ని నెలలు మాత్రమే వుండే విడుదులని ఒకప్పుడు అనుకున్నారు. తరువాత కర్ణాటకలోని బూదిహాళ్‌లో పద్దయ్య గారు తవ్వించినప్పుడు దిబ్బ పక్కనే ఇళ్లు, బ్రతుకుతెరువు ఆనవాళ్లు బయటపడ్డాయి. అంటే దొడ్డి చుట్టూ ఊరే వుండేదన్నమాట. రైతుకు ఇది వింతగా తోచదు. మన భాషలో ఎన్ని ఊళ్ల పేర్ల చివర దొడ్డి, మంద అనే మాటలు వున్నాయో లెక్కపెట్టి చూడండి. పశువు రాత్రి ఎక్కడ పడుకుంటే మనిషి అక్కడ ఇల్లు కట్టుకున్న చోట్లు కొన్నయినా వుంటాయి.

ఇక నందికొండ సంగతి. ఊట్నూరులో ఆల్చిన్ తవ్వుతున్న ఆ రోజుల్లోనే కృష్ణ దిగువన రెండు పెద్ద పనులు పక్కపక్కనే జరుగుతున్నాయి. 1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిలిస్తే మునిగిపోయే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తుశాఖ తవ్వింది. ఆ లోయలో ఇక్ష్వాకుల విజయపురి మాత్రమే కాదు, దానికి ఎన్నో వేల ఏండ్ల ముందటి రాతిపనిముట్ల జనం నివాసాలు కూడా బయటపడ్డాయి. ఇక్ష్వాకుల శాసనాల్లో రాజు శాంతమూలుణ్ణి పొగిడేటప్పుడు ఏమని చెప్పుకున్నారో తెలుసునా? కోట్ల బంగారంతో పాటు నూరువేల గోవులను, నూరువేల నాగళ్లను దానం చేసినవాడని. ఆ లెక్కలో రాజుగారి గొప్ప ఎంతో, నిజం ఎంతో వేరే మాట. నూరువేల గోవులను దానం పుచ్చుకున్నవాళ్లు మొదటి రాత్రి వాటిని ఎక్కడ కట్టారు, అవి పాత మందల వైపు పోకుండా ఎట్లా ఆపారు అనేది మాత్రం ఏ శాసనం చెప్పదు. చెక్కేవాడికి అది పట్టదు. పశువును తోలుకుపోయే వానికే ఆ బాధ.

నీళ్లు రాకముందు లోయలోని స్తూపాలను, విహారాలను విప్పి కొండమీద, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. గొప్ప పని. రాయి పెట్టిన చోట వుంటుంది. గొడ్డు వుండదు. ముంపు ఊళ్ల రైతుకైనా, 1981లో శ్రీశైలం జలాశయం కోసం మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో ఇల్లు విడిచిన రైతుకైనా, కూతురి పెళ్లికి ఆవునిచ్చి పంపిన ఇంటికైనా ఈ పేచీ తెలిసిందే. కొత్త చోట కట్టిన పశువు మాపటికి మోర ఎత్తి పాత ఊరి దిక్కు చూస్తుంది. పలుపు తెంపుకుంటే అటే నడుస్తుంది. అక్కడ కొట్టం లేకపోయినా, నీళ్లే వున్నా దానికి తెలియదు గదా. దాని తలలో వున్న ఇల్లు అదే.

ఇంటికి రాని గొడ్డు ఊరికి తగాదా. అందుకే బందెలదొడ్డి పుట్టింది. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో వున్న ఆవలి గట్టు పల్నాడు వంటి చోట్ల 1871లో చేసిన చట్టం ప్రకారం, చేను మేసిన పశువును పట్టినవాడు ఇరవై నాలుగు గంటల్లోగా బందెలదొడ్డికి తోలాలి, ఆసామి జరిమానా కట్టి విడిపించుకోవాలి. మాపటికి కొట్టం చేరే అలవాటున్న పశువు యజమానికి ఎంత డబ్బు మిగిల్చిందో, ఎన్ని తగాదాలు తప్పించిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పింది గొడ్ల మాట. గొర్రె సంగతి వేరు. దానికి గుంజ లేదు. గొల్ల, కురుమ సోదరులు ఎండాకాలంలో పొలాల్లో మంద పెట్టేటప్పుడు చూడండి: ఈ రాత్రి ఒకరి చేను, రేపు రాత్రి పక్క చేను. ఎరువు కోసం రైతు గింజలో, డబ్బో ఇస్తాడు. చుట్టూ వల గాని, ముళ్లకంప గాని, ఒక్కొక్కప్పుడు అవీ లేవు. గొంగడి కప్పుకుని కాపరి ఒక మూల, కుక్క ఒక మూల. అయినా మంద కదలదు. ఎందుచేత? గొర్రెకు పడక అంటే ఒక తావు కాదు, తోటి గొర్రెలే దాని పడక. పక్కన తెలిసిన మొహాలుంటే ఏ నేలైనా దానికి ఇల్లే. ఇది ఊరికే అనే మాట కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర బాబ్రహం పరిశోధనాలయంవారు 2001లో ప్రకటించినదాన్నిబట్టి, గొర్రె యాభై తోటి గొర్రెల మొహాలను రెండేండ్లపాటు గుర్తుపెట్టుకుంటుంది. గొర్రెబుద్ధి అని ఎగతాళి చేసే మనం యాభై మంది మొహాలు రెండేండ్లు గుర్తుపెట్టుకుంటామో లేదో!

ఈ సంగతి తెలియకపోతే నష్టం వస్తుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచడం మొదలుపెట్టినప్పుడు చాలా జీవాలు పై రాష్ట్రాలనుంచి వచ్చాయి. ఇరవై ఒక్క జీవాలుంటే మంద అని మనం అంటాం. గొర్రె అనదు. నాలుగు మందలనుంచి ఏరి తెచ్చిన జీవాలు నాలుగు గుంపులుగానే పడుకుంటాయి. ఏ నక్కో అరిస్తే నాలుగు దిక్కులకు పోతాయి. తరతరాలుగా గొర్రెలు కాసిన కాపరికి ఇది తెలుసు గనుక, కొత్తవాటిని తన పాత జీవాల మధ్యన, ముందు నడిచే ముసలి మేకపోతు వెనుకన కలిపాడు. పాత మంద లేని ఇంట్లో ఆ గురువు లేడు. అటువంటి చోట మొదటి కొన్ని వారాలు రాత్రిపూట ఇరుకైన దడిలో, ఒకదానికొకటి తగిలేటట్టు వుంచాలి. పగటి మేత కూడా ఇంటికి దగ్గరలోనే. రోజూ ఒకే మనిషి, ఒకే కేక. మొహాలు పరిచయం అయినాక దడి విశాలం చేసుకోవచ్చు.

నల్లమలలో ఇంకో పద్ధతి వున్నది. అమ్రాబాదు పీఠభూమిమీద లంబాడీలు పెంచే పొడ తూర్పు పశువులను, అనగా ఒంటిమీద పొడలున్న ఆ జాతిని, 2020లో కేంద్ర సంస్థవారు దేశవాళీ జాతిగా నమోదు చేశారు. ఇవి అడవిలో మేసే పశువులు. చిరుతపులి తిరిగే చోట్లు అవి. చీకటి పడేలోగా మంద కంపదడిలోకి రావాలి, రాని పశువు తెల్లవారేసరికి వుంటుందో వుండదో. అటువంటి మందలో దూడ తల్లి వెనుక నడిచే నేర్చుకుంటుంది. మంద మధ్యలో వుండటం తల్లినుంచీ, దడి దారి ముసలి ఆవులనుంచీ వస్తుంది. సంతలో దాని కోడెను కొని మైదానానికి తోలుకొచ్చిన రైతు, కొన్నది నాలుగు కాళ్లను మాత్రమే. ఆ పాఠశాల అడవిలోనే వుండిపోయింది. మీ కొట్టంలో దానికి మళ్లీ ఒకటో తరగతి.

ఆ ఒకటో తరగతి ఎట్లా చెప్పాలి? రష్యాదేశపు పావ్లోవ్ కుక్కలమీద చేసిన పరీక్ష చాలామంది విన్నదే: కూడుకు ముందు రోజూ ఒక సంజ్ఞ ఇస్తే, కొన్నాళ్లకు కూడు లేకుండానే ఆ సంజ్ఞకే నోరూరుతుంది. మన ఇంటి ఆవు చెంబు చప్పుడుకు చేపు విడవటంలో వున్న కిటుకు కూడా ఇదే. కాబట్టి కొత్త పశువును పొద్దుండగానే ఇంటికి తేండి. అర్ధరాత్రి లారీలోంచి దింపి, చీకట్లో ముక్కూమొహం తెలియని కొట్టంలో కట్టేస్తే దానికి ఆ కొట్టమంటేనే బెదురు పట్టుకుంటుంది. నాలుగైదు రోజులు బయటికి విడవకండి. కుడితి, తవుడు పొద్దున పెట్టే అలవాటుంటే మార్చి, మంచి మేతంతా మాపటికి దాచండి, అదీ దాని గుంజ దగ్గరే. గుంజ మార్చకండి. తరువాత పాత పశువుతో జోడు కలిపి విడవండి. అది ముందు నడుస్తుంది, ఇది వెనుక వస్తుంది. పొద్దు తప్పి వచ్చిందని కొట్టే వాళ్లను చూశాను. ఇంటికి వచ్చినందుకు దెబ్బ తిన్న పశువు రేపు ఇంకా ఆలస్యంగా వస్తుంది.

పడుకునే నేల తడిగా వుంటే పై పాఠమంతా వృథా. పెద్ద పశువు రోజులో పది పన్నెండు గంటలు పడుకునే వుంటుంది. అందులో నిజంగా నిద్రపోయేది నాలుగు గంటలకు మించదు. మిగిలినదంతా నెమరు, విశ్రాంతి. పడుకోనివ్వకుండా ఆపి, తరువాత మేతా పడకా రెండూ చూపిస్తే ఆకలిగా వున్నా ముందు పడకనే కోరుకుంటుందని పరిశోధకులు చూశారు. బురదలో నిలబడే రాత్రి గడిపిన బర్రె మాపటికి మీ కొట్టానికి ఎందుకు తొందరపడాలి చెప్పండి?

కోడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు ఇంటింటా ఎక్కువ నష్టం జరిగేది దీని దగ్గరే.

అడవికోడి రాత్రిపూట చెట్టెక్కి కొమ్మమీద పడుకుంటుంది. మన కోడి దాని సంతతే. వెలుతురు తగ్గగానే ఎత్తుకు పోవాలనే కోరిక రక్తంలో వున్నది. చీకట్లో దానికి చూపు బహు తక్కువ, అందుకే అంత తొందర. కాని ఏ ఎత్తుకు, ఏ గూటికి అనేది నేర్చుకోవలసిందే. పెట్ట పొదిగిన పిల్లలకు తల్లే నేర్పుతుంది. ముందు గంప కింద రెక్కల్లో, తరువాత తల్లి వెంట గూట్లోకి, పెరిగినాక పైకర్రమీదికి. ఇంట్లో ఆడవాళ్లు చేసేది గంప మూయడం, గూటి తలుపు వేయడం మాత్రమే.

ఇప్పుడు మన ఇళ్లకు వచ్చే పెరటి కోళ్లు వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ వంటి రకాలు మంచివి, గుడ్డుకూ మాంసానికీ నాటుకోడికంటె మెరుగు. కాని ఆ పిల్ల మిషనులో పొదగబడింది. తల్లి మొహం చూడలేదు. మొదటి వారాలు బల్బు వెచ్చదనంలో, రాత్రీ వెలుతురే వుండగా గడిపింది. ఆరు వారాల తరువాత మీ పెరట్లోకి వచ్చి మొదటిసారి పొద్దు గూకడం చూస్తుంది. ఏంచేయాలో తెలియదు. గోడ మూల నలుగురు ఒకరిమీద ఒకరు కుప్పపడి నేలమీదే కూర్చుంటారు. రాత్రికి పిల్లీ, ముంగిసా వస్తాయి. తెల్లవారి రైతు అంటాడు, ఈ రకం మన ఊరికి పనికిరాదని. రకం తప్పు కాదు, పడక నేర్పకపోవడం తప్పు.

స్వీడన్‌లో 2000లో ప్రచురించిన ఒక పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. పిల్లల్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మొదటిరోజునుంచే కర్రలు పెట్టారు. రెండోదానికి ఎనిమిది వారాలదాకా పెట్టలేదు. తరువాత రెండు జట్లూ రాత్రిళ్లు కర్రమీదే పడుకోవడం నేర్చుకున్నాయి. అయినా పదహారు వారాల వయస్సులో ఎత్తులో మేత పెట్టి చూస్తే, ఆలస్యంగా కర్ర చూసిన జట్టు ఎత్తు పెరిగినకొద్దీ వెనుకబడింది. అంటే చిన్ననాడు ఎక్కని కోడికి పెద్దయినాక ఎత్తు అంచనా సరిగా అందదు. కనుక పిల్లలను సాకే వాళ్లు రెండో వారంలోనే జానెడు ఎత్తులో ఒక కర్ర అడ్డంగా పెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంటికి తెచ్చినాక వారం రోజులు పగలూ రాత్రీ కొత్త గూట్లోనే మూసి వుంచండి, లోపలే మేత, నీళ్లు. ఎనిమిదో రోజు మాపటేళ, పొద్దు గూకటానికి గంట ముందు మాత్రమే తలుపు తీయండి. చీకటి పడబోయే తొందరలో ఎక్కువ దూరం పోవు, తెలిసిన చోటు గూడు ఒక్కటే. మర్నాడు కొంచెం ముందుగా, ఆ మర్నాడు ఇంకొంచెం ముందుగా. గింజలు చల్లే చప్పుడు మాత్రం లోపలినుంచే వినబడాలి. గూటి లోపల చిన్న దీపం, బయట చీకటి వుంటే వెలుతురుకు వస్తాయి. అన్నీ చేరినాక దీపం తీసేయండి. బయట మిగిలినవాటిని తిట్టకుండా, తరమకుండా, చేత్తో ఎత్తి కర్రమీద కూర్చోబెట్టండి. వనరాజ బరువు పక్షి, కర్ర రెండడుగులకు మించి ఎత్తు వద్దు. ఒక్కొక్క కోడికి జానకు తగ్గకుండా చోటు వుండాలి, లేకపోతే బలమున్నది బలహీనమైనదాన్ని కిందికి నెడుతుంది. నాటుపెట్ట ఒకటి ఇంట్లో వుంటే దాన్ని కూడా అదే గూట్లో వుంచండి. కొత్త పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటాయి.

విస్తరణ కార్యకర్తలకు, గోపాలమిత్రలకు ఒక మనవి. టీకా తేదీ, దాణా లెక్క చీటీ మీద రాసి ఇస్తూనే వున్నారు. పిల్లల బుట్ట చేతిలో పెట్టే ముందు, ఈ రాత్రికి వీటిని ఎక్కడ పడుకోబెడతావమ్మా అని ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. గూడు ఇంకా కట్టలేదంటే, కట్టినాకనే బుట్ట ఇస్తామని చెప్పండి.